గిటారు వాయిస్తూనే కరాటే, జూడో, జిమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

గిటారు క్లాసులోనూ, డోజోలోనూ (కరాటే, జూడో నేర్పే శాల) ఎదురయ్యే ప్రశ్నల్నే ఇక్కడ ఒకచోట చేర్చాను. కుడిచేతి వాటం వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను. అంటే ఎడమ చెయ్యి ఫ్రెట్ల (గిటారు మెడ మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు కడ్డీల) మీద, కుడి చెయ్యి తీగల మీద. ఎడమచేతి వాటం వాళ్ళు తిరగేసి చదువుకోండి.

రెండూ కలిపి చేయొచ్చా? ఎవరైనా చేసిన వాళ్ళున్నారా?

ఉన్నారు. అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ సైన్యంలో పనిచేస్తూ జర్మనీలో కరాటే మొదలుపెట్టి, 1960లో బ్లాక్ బెల్ట్ తీసుకున్నాడు. అమెరికాకే చెందిన ఇంకో గాయకుడు విల్లీ నెల్సన్ కథ ఇంకా బాగుంటుంది. నైలాన్ తీగల గిటారుతో జీవితమంతా కచేరీలు చేసిన ఆయన, 2014లో 81వ పుట్టినరోజుకు సరిగ్గా ముందు గోంగ్ క్వాన్ యూసుల్ అనే కొరియా యుద్ధవిద్యలో ఐదో డిగ్రీ బ్లాక్ బెల్ట్ అందుకున్నాడు.

మన దగ్గర కూడా సంగీతానికీ సాముకీ ఎప్పుడూ పడకపోవడమంటూ లేదు. కోడి రామ్మూర్తి నాయుడు వ్యాయామశాల నడిపిన విజయనగరంలోనే 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైంది. ‘సంగీతం నేర్చుకునేవాడికి దండీలు, బస్కీలు ఎందుకురా’ అనే పెద్దవాళ్ళకు ఈ ఊరి పేరు చెప్పండి.

ఇబ్బంది ఎక్కడొస్తుంది? టైం చాలకపోవడమేనా?

అందరూ టైం గురించే అడుగుతారు. టైం సంగతి ఎలాగోలా సర్దుకుంటుంది. సర్దుకోనిది మోచేతి కింది భాగం.

వేళ్ళను ముడిచే పెద్ద కండరాలు వేళ్ళలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి స్నాయువులు మణికట్టు గుండా వేళ్ళ చివరిదాకా వెళ్తాయి. బారె కార్డ్ (ఒకే వేలిని అడ్డంగా ఆన్చి చాలా తీగల్ని ఒకేసారి నొక్కే కార్డ్) పట్టినా, జూడోలో ఎదుటివాడి చొక్కా పట్టినా, బార్‌కి వేలాడినా, కర్రసాములో కర్ర తిప్పినా పనిచేసేవి దాదాపు అవే కండరాలు. ఒకే జీతంతో రెండిళ్ళ అద్దె కట్టడం లాంటిదిది. మీరు గంటలు లెక్కపెట్టుకుంటూ ఉంటారు, ఖర్చయ్యేది మాత్రం పట్టు.

ఇంకో చిక్కు ఉంది. కండరం రెండు మూడు రోజుల్లో కోలుకుంటుంది కానీ స్నాయువు అంత తొందరగా కోలుకోదు. అందుకే ‘నొప్పేం లేదు, బాగానే ఉంది’ అనుకుంటూ రెండిటినీ ఒకేసారి పెంచేసిన వాళ్ళకు కొన్ని వారాల తర్వాత మోచేతి లోపలివైపో, బొటనవేలి మొదట్లోనో నొప్పి మొదలవుతుంది. కొత్త పాట మీద గట్టిగా కూర్చున్న నెలలో జిమ్‌లో బరువు పెంచకండి. డోజోలో కొత్త బెల్ట్ కోసం కష్టపడుతున్నప్పుడు గిటారులో పాతవి మెరుగుపెట్టుకోండి. నన్నడిగితే ఈ పేజీలో పాటించాల్సిన మొదటి సలహా ఇదే.

ఏ విద్య వేళ్ళకు ఎక్కువ ప్రమాదం?

గుద్దులుండేవే ప్రమాదమని అందరి భయం. నా లెక్కలో గిటారు వాళ్ళు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది పట్టు ఉన్న విద్యలతో. జూడో, జాకెట్ వేసుకుని ఆడే బ్రెజిలియన్ జియు జిట్సు ఈ కోవలోకి వస్తాయి. గట్టి బట్టను వేళ్ళతో కొంకి వేసినట్టు పట్టుకుంటే, ఎదుటివాడు ఒక్కసారిగా గుంజుకుంటాడు. ఆ గుంజుడంతా వేళ్ళ కణుపుల మీదే పడుతుంది. కుడిచేతి వాటం జూడోకా ఎడమ చేత్తో స్లీవ్ పట్టుకుని లాగుతాడు, అదే ఫ్రెట్ల మీద ఉండాల్సిన చెయ్యి. జాకెట్ లేకుండా ఆడే జియు జిట్సు, కుస్తీ ఈ విషయంలో కాస్త నయం. అక్కడ అరచేత్తో, మోచేత్తో పట్టడం ఎక్కువ.

జూడో మానేయమని చెప్పడం లేదు. స్లీవ్ చేజారుతోందని తెలిసిన క్షణాన వదిలేసి మళ్ళీ పట్టుకోవడం నేర్చుకోండి. పట్టు చేజారితే పోయేది మహా అయితే ఒక పాయింటు.

జూడో నుంచి గిటారు వాళ్ళకు దొరికే పెద్ద వరం ఉకెమి, అంటే పడటం నేర్చుకోవడం. పడేటప్పుడు అరచెయ్యి ఆన్చి ఆగాలనిపించడం సహజం. మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగేది సాధారణంగా అలాగే. ఉకెమిలో చెయ్యి చాపి ఆపుకోరు. అరచెయ్యి, ముంజెయ్యి కలిపి చాప మీద చరుస్తూ ఒళ్ళు దొర్లిస్తారు. బైక్ మీంచి జారినప్పుడు కూడా ఈ అలవాటు పనికొస్తుంది.

తైక్వాండోలో కాళ్ళదే పని కాబట్టి వేళ్ళు సురక్షితం అనుకుంటారు. వచ్చే కిక్‌ని తెరిచిన చేత్తో అడ్డుకుంటే వేళ్ళు వెనక్కి విరుచుకుంటాయి. పిడికిలి మూసే అడ్డుకోవాలి, చేతి తొడుగు తప్పనిసరి. కరాటేలో కతా అంటే కొన్ని కదలికల్ని వరసగా ఒంటరిగా చేసేది, దానివల్ల వేళ్ళకు భయం లేదు. ఎదుటివాడితో తలపడే కుమితేకి మాత్రం గ్లౌజులు ఉండాల్సిందే.

ఇవన్నీ చెప్పాక ఒక మాట. ‘కరాటే వద్దురా, చేతులు పాడవుతాయి’ అనే ఇంట్లోనే ఆదివారం వాలీబాల్, కార్క్ బంతితో క్రికెట్, కబడ్డీ ఆడుతుంటే ఎవరూ ఏమనరు. వాలీబాల్ బ్లాకింగ్‌లో, స్లిప్ క్యాచ్‌లో, రైడర్ చీలమండ అందుకోబోయినప్పుడు వేళ్ళు బెణకడం మామూలే.

బాక్సింగ్ బ్యాగ్ కొడితే ఫర్వాలేదా?

చేతికి పట్టీ సరిగ్గా చుట్టుకుంటే ఫర్వాలేదు. ఒక సంగతి మర్చిపోకండి. కుడిచేతి వాటం బాక్సర్ ఎడమ చేత్తో జాబ్ విసురుతాడు, బౌట్ మొత్తంలో ఎక్కువగా విసిరే గుద్దు అదే. మళ్ళీ ఫ్రెట్ల చెయ్యే.

180 అంగుళాల పట్టీ కొనండి. పొట్టివి పెద్దవాళ్ళ చేతికి చాలవు. బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, కణుపుల మీద మూడు చుట్లు, తర్వాత ఒక్కో వేలి సందులోంచి తీసి, మిగిలింది మళ్ళీ మణికట్టుకే. వేళ్ళు విప్పి చుట్టండి. ముడిచి చుడితే పిడికిలి తెరిచినప్పుడు వదులైపోతుంది. దెబ్బ చూపుడువేలు, మధ్యవేలు కణుపుల మీద పడాలి. చిటికెన వేలివైపు పడితే దాని కింది ఎముక మెడ దగ్గర విరుగుతుంది. డాక్టర్లు దాన్ని ‘బాక్సర్స్ ఫ్రాక్చర్’ అంటారు. గోడను గుద్దిన కుర్రాళ్ళకు వచ్చేదీ అదే.

స్కూలు యానివర్సరీకి పెంకులు పగలగొట్టమంటున్నారు. చేయనా?

చేత్తో వద్దు. కాలితో అడగండి. ఒప్పుకోకపోతే కతా చేసి దిగిపోండి.

మకివారా అనే కొయ్యను గుద్ది కణుపులు గట్టిపరచుకోవడం ఒకినావా కరాటేలో పాత పద్ధతే. కానీ గిటారు వాయించేవాళ్ళకు వేళ్ళ కీళ్ళు మందమైతే ఒరిగేదేమీ లేదు. సిమెంటు నేల మీద పిడికిలి పుషప్స్ చేయమంటే కింద చాప వేసుకోండి.

జిమ్‌లో ఏవి తగ్గించాలి?

స్క్వాట్, రన్నింగ్, నడుము వ్యాయామాలు, భుజాల పని, వీటితో గిటారుకు గొడవ లేదు. గొడవంతా డెడ్‌లిఫ్ట్, పుల్ అప్స్, రోయింగ్, బరువులు మోస్తూ నడవడం లాంటివాటితో. వీపు రోజున చివరి భారీ సెట్లకు లిఫ్టింగ్ స్ట్రాప్స్ వాడండి. స్ట్రాప్స్ వాడటం చేతకానితనమని ఎగతాళి చేసేవాళ్ళు సాయంత్రం ఎఫ్ కార్డ్ పట్టక్కర్లేదు, మీకు పట్టాలి.

మామూలు పుషప్స్‌కి మణికట్టు బాగా వెనక్కి వంగుతుంది. నొప్పి ఉంటే పుషప్ బార్లు వాడితే మణికట్టు నిటారుగా ఉంటుంది. సూర్యనమస్కారాల్లో కూడా ఇదే సమస్య, అరచేతి మడమ కింద మడతపెట్టిన టవల్ పెట్టి చూడండి. సైకిల్ చాలాసేపు తొక్కాక చిటికెన వేలు తిమ్మిరెక్కితే హ్యాండిల్ మీద చెయ్యి చోటు మార్చండి, అరచేతి అంచున ఉండే నరం నొక్కుకుపోతోందని అర్థం.

స్ప్రింగ్ గ్రిప్పర్ నొక్కితే వేళ్ళ వేగం పెరుగుతుందా?

లేదు. తీగను ఫ్రెట్‌కి ఆనుకుని వెనకే నొక్కితే పట్టే బలం చాలా తక్కువ. బారె కార్డ్ మోగడం లేదంటే సాధారణంగా బలం చాలక కాదు, వేలు తప్పుచోట ఉండటం వల్ల, లేదా గిటారు యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగలుండే ఎత్తు) మరీ ఎక్కువగా ఉండటం వల్ల. యాక్షన్ దింపించండి, అకూస్టిక్ మీద 12 గేజ్ (మందం) తీగలుంటే ఇంకా సన్నటి 11కి, 10కి మారండి. గ్రిప్పర్‌ని అలమరలో పడేయండి.

కరాటే నుంచి గిటారులోకి నిజంగా తెచ్చుకోదగ్గది ఒకటుంది. దెబ్బ తగిలే క్షణంలో తప్ప మిగతా సమయమంతా ఒళ్ళు వదులుగా ఉంచమని మాస్టారు అరుస్తూ ఉంటారు కదా. కార్డ్ మారేటప్పుడు భుజం, మెడ, బొటనవేలు అదే మాట వింటే సగం అలసట పోతుంది.

ముందు గిటారా, ముందు ట్రైనింగా?

అదే రోజు రెండూ ఉంటే కష్టమైన గిటారు పని ముందు. స్కేల్స్, కొత్త పాట, బారె కార్డ్‌లు ఉదయం, ట్రైనింగ్ సాయంత్రం. పట్టు ఎక్కువగా వాడే క్లాస్ నుంచి వచ్చిన వెంటనే వేగంగా వాయించబోతే వేళ్ళు తీగల మీద జారతాయి, మెదడు ఆ తప్పుల్నే నేర్చుకుంటుంది.

ఉదయం ఐదున్నరకే క్లాసున్న వాళ్ళు, ఎండాకాలం హైదరాబాద్‌లో, విజయవాడలో అదే మంచిది కూడా, గిటారుని సాయంత్రానికి జరుపుకోండి. మధ్యలో కొన్ని గంటలు గడిచాక చెయ్యి మామూలవుతుంది. చెయ్యి బాగా అలిసిన రాత్రి మెట్రోనోమ్ పెట్టుకుని కుడిచేత్తో ఒట్టి పికింగ్ చేయండి, లేదా పాట విని కార్డ్‌లు గుర్తుపట్టి కాగితం మీద రాసుకోండి. గిటారు ముట్టుకోని సాధన కూడా సాధనే. చాలామందికి లోటుండేది అందులోనే.

కుడిచేతి గోళ్ళు పెంచాలి, డోజోలో కత్తిరించమంటున్నారు. ఎలా?

ఇక్కడ మధ్యేమార్గం లేదు. జూడో నియమాల్లో గోళ్ళు పొట్టిగా ఉండాలని రాసే ఉంది. అది మీ ఒక్కరి కోసం కాదు, ఎదుటివాడి కళ్ళ కోసం. క్లాసికల్ గిటారు వాళ్ళకేమో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు, ఈ నాలుగు గోళ్ళే స్వరం.

దారులు మూడు. మొదటిది, గోరు లేకుండా వేలి కండతో మీటడం. ఎమిలియో పుజోల్ లాంటి పెద్ద గిటారిస్టు అలాగే వాయించాడు. స్వరం మెత్తగా, కాస్త చిన్నగా వస్తుంది, అలవాటుకు నెలలు పడుతుంది. రెండోది, పిక్‌తో వాయించడం, లేదా బొటనవేలికి థంబ్ పిక్ తగిలించి మిగతావి కండతో. మూడోది, మనిషిని తాకని సాధనకే పరిమితం కావడం: కతా, కర్రసాము, బ్యాగ్. స్టీల్ తీగల మీద సినిమా పాటలు వాయించుకునే వాళ్ళు రెండోదానితో హాయిగా బతికేయొచ్చు. క్లాసికల్ పరీక్షలకు కూర్చునే వాళ్ళు మాత్రం ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

వేళ్ళ చివర కాసిన కాయలు చెమటకు ఊడిపోతాయా?

చెమటకంటే నీళ్ళతో ఇబ్బంది. ఈతకు వెళ్ళొచ్చాక, వేడినీళ్ళ స్నానం అయ్యాక చర్మం నానిపోయి ఉంటుంది. అప్పుడు స్టీల్ తీగల మీద బెండింగ్ (నొక్కిన తీగను పక్కకి నెట్టి స్వరం పెంచడం) చేస్తే కాయ పొరగా లేచిపోతుంది. బాగా ఆరేదాకా ఆగండి. జిమ్‌లో బార్ వల్ల అరచేతిలో వేళ్ళ మొదట కాసేవి వేరు, అవి గిటారుకు పనికిరావు. ఎత్తుగా ఉంటే ప్యూమిస్ రాయితో సమం చేసుకోండి, లేకపోతే పుల్ అప్స్‌లో చిరుగుతాయి.

చెమట చేత్తో వాయిస్తే తీగలు తుప్పు పడతాయి. విశాఖ, కాకినాడ గాలికి ఇంకా తొందరగా. వాయించాక పాత నూలు బనీను ముక్కతో తీగ కిందా పైనా తుడవండి.

వేళ్ళకు టేపు వేసుకుంటే సరిపోతుందా?

టేపు కొంత ఆసరా ఇస్తుంది, మితి తప్పొద్దని గుర్తుచేస్తుంది. అంతకుమించి ఆశించొద్దు. బెణికిన వేలిని పక్క వేలితో కలిపి కట్టేటప్పుడు కణుపు పైన ఒకటి, కింద ఒకటి వేయండి, కణుపు మీద వేస్తే వంగదు. వేలి చివర నీలంగా మారితే బిగువు ఎక్కువైనట్టు.

టేపు తీశాక మిగిలే జిగురు గిటారు మెడకు అంటుకుని చెయ్యి జరగనివ్వదు. రెండు చుక్కల కొబ్బరినూనె రాసి రుద్దితే జిగురు వస్తుంది. ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కుని ఆరాకే గిటారు పట్టుకోండి, లేదంటే నూనె తీగల సందుల్లో చేరి స్వరం మొద్దుబారుతుంది.

ఉంగరాలు టేపుతో కప్పడం కాదు, తీసేయాలి. జాతకం చూసి రాయి పెట్టించినదైనా సరే. బట్టలో ఉంగరం చిక్కుకుంటే వేలి చర్మం మొత్తం ఒలిచినట్టు వచ్చేస్తుంది.

వేలు బెణికింది. ఎప్పుడు డాక్టర్ దగ్గరకు వెళ్ళాలి?

మొదట ఎవరినీ లాగనివ్వకండి. ‘నేను సరిచేస్తా’ అంటూ వేలు పట్టుకుని గుంజే సీనియర్ ప్రతి డోజోలో ఒకడుంటాడు. ఐస్‌ని గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. పుత్తూరు కట్టు మీద మీకెంత నమ్మకమున్నా, వేలి విషయంలో ముందు ఎక్స్‌రే.

కింది వాటిలో ఏది కనబడినా అదే రోజో, మర్నాడో ఎముకల డాక్టర్ దగ్గరకో, వీలైతే హ్యాండ్ సర్జన్ దగ్గరకో వెళ్ళాలి:

- వేలి చివరి కణుపు వాలిపోయి, మీ అంతట మీరు నిటారు చేయలేకపోవడం. దీన్ని మ్యాలెట్ ఫింగర్ అంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టీతో నిటారుగా ఉంచాలి. మధ్యలో ఒక్కసారి వంచినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.
- వేలి చివరి కణుపు అసలు వంగకపోవడం. జాకెట్ గుంజుకున్నప్పుడు స్నాయువు తెగితే ఇలా అవుతుంది, ఎక్కువగా ఉంగరపువేలికి. దీనికి ఆపరేషన్ కావాలి, అదీ తొలి రోజుల్లోనే. ‘వాపు తగ్గాక చూద్దాం’ అని ఆగితే స్నాయువు వెనక్కి కుంచించుకుపోతుంది.
- చెయ్యి ఆన్చి పడ్డాక బొటనవేలి మొదట్లో, వేలు చాపితే గుంట పడే చోట నొక్కితే నొప్పి. స్కాఫాయిడ్ విరుగు మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తీయించమంటే తీయించండి. ఆ ఎముకకు రక్తప్రసరణ తక్కువ, వదిలేస్తే అతకదు.
- వేలు పక్కకి తిరిగి ఉండటం, తిమ్మిరి తగ్గకపోవడం.

కట్టు ఉన్నన్నాళ్ళు గిటారు మూలన పెట్టక్కర్లేదు. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు చచ్చుబడ్డాక జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ మిగిలిన రెండు వేళ్ళతోనే సోలోలు వాయించాడు. బ్లాక్ సబత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ ఐయోమీ పదిహేడేళ్ళ వయసులో ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకుని, కరిగించిన ప్లాస్టిక్ సీసాతో తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు వేసుకుని వాయించాడు. మీకు కావాల్సింది ఓపెన్ ట్యూనింగ్ (ఏ ఫ్రెట్టూ నొక్కకుండానే కార్డ్ మోగేలా తీగల్ని శ్రుతి చేయడం), తీగల మీద జరిపే గొట్టంలాంటి ఒక స్లైడ్. డాక్టర్ ఒప్పుకున్న వేళ్ళతోనే సుమా.

చాప మీద ఆడాక చేతికి తామర వచ్చింది.

ట్రైనింగ్ ఆపి చర్మ డాక్టర్‌ని కలవండి. మందుల షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము రెండు రోజులు దురద తగ్గించి, తర్వాత తామరను ఒళ్ళంతా పాకిస్తుంది. మానేదాకా మీ గిటారు ఇంకొకరికి ఇవ్వకండి.

మా బాబుకి తొమ్మిదేళ్ళు. రెండిట్లోనూ చేర్పించొచ్చా?

చేర్పించండి. ముప్పావు సైజు గిటారు, నైలాన్ తీగలు. ఎముకల కొసలు ఇంకా ఎదుగుతున్న వయసు కాబట్టి కణుపులు గట్టిపరిచే కసరత్తులు, పెంకులు, వేళ్ళ మీద పుషప్స్ వద్దని మాస్టారికి నేరుగా చెప్పండి. మిగతాది పిల్లాడి సరదా. రెండు క్లాసులూ ఒకే సాయంత్రం పెట్టకండి, రెండోదాంట్లో నిద్రపోతాడు.

గ్రేడ్ పరీక్ష, బెల్ట్ టెస్టు ఒకే నెలలో పడ్డాయి.

ట్రినిటీ (లండన్‌లోని ట్రినిటీ కాలేజీ పెట్టే సంగీత పరీక్ష) గ్రేడ్ పరీక్షకు ఫీజు కట్టేశారంటే బెల్ట్ టెస్టే జరపండి. అది మళ్ళీ కొన్ని నెలల్లో వస్తుంది. పరీక్షకు నెల ముందు నుంచి స్పారింగ్ (తోటివాళ్ళతో తలపడే సాధన), పట్టు సాధన ఆపి, కతా, కాళ్ళ పని, పరుగుతో నడిపించండి. ఫిట్‌నెస్ ఎక్కడికీ పోదు. చివరి వారంలో బెణికిన వేలు మాత్రం పరీక్షకు అందదు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అది కూడా లెక్కలోకి వస్తుందా?

తప్పకుండా. తొమ్మిది గంటలు కీబోర్డు, మౌస్ నడిపింది కూడా అదే ముంజెయ్యి. రిలీజ్ వారంలో రాత్రి జియు జిట్సు, దాని తర్వాత గిటారు అంటే చెయ్యి మొరాయిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూపించుకోండి. గిటారునో జూడోనో తిట్టేముందు కుర్చీ ఎత్తు, మౌస్ చోటు సరిచేయండి.

గిటారు వాయిస్తానని కోచ్‌కి చెప్పాలా?

మొదటి రోజే. ‘సార్, పట్టులో వేళ్ళు చిక్కుకుంటే వదిలేస్తాను, ఏమనుకోవద్దు’ అంటే చాలు. దానికి నవ్వే కోచ్ అయితే వేరే డోజో వెతుక్కోండి.

క్లాసయ్యేదాకా గిటారు కార్లో పెట్టొచ్చా?

మే నెలలో వద్దు. మూసిన కార్లో వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది. డోజో మూలన, బూట్లకు దూరంగా, గోడకు ఆనించి పెట్టుకోండి.

స్పారింగ్‌లో గోరు విరిగింది, రేపే ప్రోగ్రాం!

గోరు మొదట్లో రక్తం ఉంటే జిగురు ముట్టుకోవద్దు, రేపటికి పిక్‌తో సర్దుకోండి. కొస మాత్రమే పోయి ఉంటే, టేబుల్ టెన్నిస్ బంతిలోంచి గోరు ఆకారంలో చిన్న ముక్క కత్తిరించండి, దాని వంపు గోరు వంపుకి సరిపోతుంది. గోరు కింద చర్మానికి తగలకుండా ఫెవిక్విక్ ఒక్క చుక్క, ముక్కను గోరు అడుగున అంటించి అర నిమిషం కదలకుండా పట్టుకోండి. ఆరాక సన్నటి అంచు ఉన్న ఫైల్‌తో అరగదీసి, చివరగా 1000 గ్రిట్ కాగితంతో నున్నగా చేయండి. తీగ మీద ‘చిర్రు’మనకుండా జారితే పని అయినట్టే. ప్రోగ్రాం అయ్యాక, మళ్ళీ చాప ఎక్కేముందు, దాన్ని ఫైల్‌తో పూర్తిగా అరగదీసేయండి. అతికించిన గోరు ఎదుటివాడి చర్మాన్ని బ్లేడులా కోస్తుంది.